‘నాకు సైనస్ ఉంది’ అనే మాట వెనుక ఎన్ని జబ్బులు?

చలి ముదిరి పొద్దుటి పూట మంచు పట్టే రోజుల్లో ఏ మందుల షాపు ముందు పది నిమిషాలు నిలబడినా ‘సైనస్‌కి మాత్ర ఇవ్వండి’ అన్న మాట వినిపిస్తుంది. అడిగేవారిలో ఒకరికి నిద్ర లేవగానే వరసగా పాతిక తుమ్ములు వస్తాయి. మరొకరికి రాత్రిళ్లు ముక్కు దిబ్బడ వేసి నిద్ర పట్టదు. ఇంకొకరికి నొసలు పగిలిపోయేంత నొప్పి. నాలుగో మనిషికి చెడువాసనతో చీమిడి కారుతోంది, అదీ ఒకే పక్క నుంచి. నలుగురూ చెప్పే పేరు ఒకటే, చాలాసార్లు ఇంటికి తీసుకెళ్లే మాత్ర కూడా ఒకటే. జబ్బులు మాత్రం నాలుగు, వాటి చికిత్సల మధ్య పోలిక చాలా తక్కువ.

నిజానికి సైనస్ అనేది జబ్బు పేరు కాదు. చెయ్యి, కాలు లాగే అది శరీరంలో ఒక భాగం పేరు, పైగా అందరికీ ఉండేదే. జబ్బుకు సరైన పేరు పెట్టకపోవడం వల్ల మనవాళ్లు ఏళ్ల తరబడి అక్కరలేని మందులు వాడుతూ, కావలసిన చికిత్సకు దూరంగా ఉండిపోతున్నారన్నది ఈ విషయాన్ని కొంతకాలంగా గమనిస్తున్న నా అభిప్రాయం.

గాలి గదులు, వాటి ఇరుకు తలుపులు

ముఖంలోని ఎముకల లోపల నాలుగు జతల బోలు గదులున్నాయి. బుగ్గల వెనుక ఒక జత, నొసటి వెనుక ఒక జత, రెండు కళ్ల మధ్య తేనెపట్టులా చిన్న చిన్న అరలుగా ఒక జత, వాటికి బాగా వెనుక, మెదడు అడుగున మరో జత. వీటినే సైనస్‌లు అంటారు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు వీటిలో గాలి తప్ప మరేమీ ఉండదు. లోపలి గోడలకు అంటుకున్న పలుచని పొర జిగురు ద్రవాన్ని ఊరిస్తుంటే, ఆ పొర మీద ఉండే సూక్ష్మమైన నూగు సెకనుకు పదిసార్లకు పైగా కదులుతూ ఆ ద్రవాన్ని ముక్కులోకి, అక్కడి నుంచి గొంతు వెనక్కి తోస్తూ ఉంటుంది. మనకు తెలియకుండానే దాన్ని మింగేస్తుంటాం. దుమ్ము, సూక్ష్మజీవులు ఆ జిగురుకు అంటుకుని దానితోపాటే వెళ్లిపోతాయి.

చిక్కంతా తలుపుల దగ్గర వస్తుంది. ఈ గదులు ముక్కులోకి తెరుచుకునే రంధ్రాలు కొన్ని మిల్లీమీటర్లే ఉంటాయి. బుగ్గ వెనుక ఉండే పెద్ద గదికైతే తలుపు అడుగున కాకుండా పైభాగాన ఉంటుంది, కాబట్టి అందులోని ద్రవం కిందికి జారిపోలేదు, నూగు దాన్ని పైకి మోసుకెళ్లాలి. జలుబు వల్ల కానీ, అలర్జీ వల్ల కానీ, కండ అడ్డం పడటం వల్ల కానీ ఆ ఇరుకు దారి వాచి మూసుకుపోతే లోపలి ద్రవం నిలవ ఉండి, అందులో బాక్టీరియా పెరిగే అవకాశం ఏర్పడుతుంది. ఆ స్థితి పేరు సైనసైటిస్. అంటే సైనసైటిస్ చాలాసార్లు పర్యవసానమే తప్ప మూలం కాదు.

ముక్కు గురించి తెలియాల్సిన మరో సంగతి ఉంది. రెండు రంధ్రాలూ ఎప్పుడూ సమానంగా గాలి పీల్చవు. ముక్కు లోపలి పక్కగోడల మీద టర్బినేట్లు అనే మెత్తని మడతలుంటాయి, పీల్చిన గాలిని వెచ్చబరచి తేమ అద్దడం వాటి పని. ఒక పక్క మడతలు కొన్ని గంటలపాటు ఉబ్బి, తర్వాత తగ్గి, రెండో పక్కవి ఉబ్బుతాయి. స్టీలు పళ్లేన్ని ముక్కు కింద అడ్డంగా పెట్టుకుని ఊపిరి వదిలితే దాని మీద రెండు ఆవిరి మచ్చలు పడతాయి, వాటిలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. మూడు నాలుగు గంటల తర్వాత చూస్తే చాలామందిలో పెద్దది చిన్నదవుతుంది. సూర్యనాడి, చంద్రనాడి అంటూ మన స్వరశాస్త్రం చెప్పిన మార్పు ఇదే. పాశ్చాత్య వైద్యంలో దీన్ని 1895లో రిచర్డ్ కైజర్ అనే జర్మన్ వైద్యుడు వర్ణించాడు. కాబట్టి మార్చి మార్చి ఒక్కో పక్క కొద్దిగా బిగుసుకోవడం జబ్బు కాదు. ఎప్పుడూ ఒకే పక్క మూసుకుపోయి ఉండటమే ఆలోచించాల్సిన లక్షణం.

తుమ్ములు, దురద, నీళ్లు కారడం

సైనస్ అని చెప్పుకునే వారిలో ఎక్కువమందికి ఉండేది అలర్జిక్ రైనైటిస్, అంటే ముక్కు లోపలి పొరకు వచ్చే అలర్జీ. హాని లేని ఒక పదార్థాన్ని శరీర రక్షణ వ్యవస్థ శత్రువుగా పొరబడి, దానికోసం ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారుచేసుకుంటుంది. తర్వాత ఆ పదార్థం ముక్కుకు తగిలిన ప్రతిసారీ అక్కడి మాస్ట్ కణాలు హిస్టమిన్‌ను విడుదల చేస్తాయి. తుమ్ములు, దురద, నీళ్లలా పలుచగా కారడం, కళ్లు ఎర్రబడటం, చివరికి ముక్కు దిబ్బడ అన్నీ దాని ఫలితాలే. జ్వరం ఉండదు. ఇంట్లో ఎవరికైనా ఉబ్బసమో, ఎగ్జిమా అనే చర్మపు అలర్జీయో ఉంటే ఇది వచ్చే అవకాశం ఎక్కువ.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాదులో ఉండే ఒక ఉపాధ్యాయురాలికి రోజూ తెల్లవారుజామున లేవగానే తుమ్ములు మొదలై, స్కూలుకు వెళ్లేసరికి తగ్గిపోతాయి. ఆదివారం పరుపు దులిపినా, అటక మీది సామాను దించినా మళ్లీ మొదలు. ఊరికి వెళ్లి ఆరుబయట నులకమంచం మీద పడుకున్న నాలుగు రోజులు మాత్రం హాయిగా ఉంటుంది. ఈ కథలో నేరస్తుడు ఎక్కడున్నాడో చెప్పడానికి స్కానింగ్ అక్కర్లేదు. దూది పరుపుల్లో, దిండ్లలో, దుప్పట్లలో మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతికే డస్ట్ మైట్స్ అనే కంటికి కనిపించని పురుగుల విసర్జనే ఆమెకు పడటం లేదు. రాత్రంతా ముఖం వాటి మధ్యే ఉంటుంది కాబట్టి పొద్దుటి పూట బాధ ఎక్కువ. దుప్పట్లు, గలేబులు వారానికోసారి బాగా వేడినీళ్లలో ఉతకడం, పరుపుకు సందులేని కవరు తొడగడం ఆ పురుగుల బెడదను తగ్గిస్తాయి.

బొద్దింకల అవశేషాలు, గోడల చెమ్మకు పట్టే బూజు, పెంపుడు జంతువుల చర్మపు పొట్టు, పుప్పొడి ఈ జాబితాలో తర్వాతివి. ఖాళీ స్థలాల్లో విరగబూసే వయ్యారిభామ పుప్పొడి ముక్కుకూ చర్మానికీ కూడా పడదన్నది బాగా రుజువైన విషయం. కోనోకార్పస్ చెట్టు విషయంలో మాత్రం వాదం తెగలేదు. తెలంగాణలో హరితహారం కింద రోడ్ల పక్కన విరివిగా నాటిన ఈ చెట్టును గుజరాత్ ప్రభుత్వం 2023లో నిషేధించింది. దీని పుప్పొడి అలర్జీ కలిగించగలదని ఇరాన్‌లో జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి, కనుక తీసేయాలని ఒక పక్షం వాదిస్తుంది. నగరాల్లో అలర్జీకి ఇంటి దుమ్ము, వాహనాల పొగ కారణాలవుతుంటే నీడనిచ్చే చెట్టును మొదటి ముద్దాయిని చేయడం సరికాదని రెండో పక్షం అంటుంది. రెండు మాటలకూ ఒకేసారి చోటుంది: ఒక చెట్టు పుప్పొడి కొందరికి పడకపోవచ్చు, అయినా ఊరందరి తుమ్ములకూ అదే కారణం కాకపోవచ్చు.

అలర్జీ కాకుండానే అలాగే కనిపించే మరో బాధ కూడా ఉంది. మిరప యార్డులో, సిమెంటు గోదాములో, అగరొత్తుల పొగలో పనిచేసేవారికి ఘాటు వల్ల ముక్కు పొర ఒరుసుకుపోయి నీళ్లు కారుతుంది. కొందరికి ఏసీ గదిలోకి వెళ్లగానే, వేడి వేడి చారు తాగగానే అలాగే అవుతుంది. వీరికి అలర్జీ పరీక్షల్లో ఏమీ కనిపించదు, అలర్జీ మాత్రలు కూడా అంతగా పనిచేయవు.

స్ప్రే అంటే భయం, మాత్ర అంటే నమ్మకం

అలర్జీకి మన దగ్గర అందరికీ తెలిసిన మందు సెట్రిజిన్, లీవోసెట్రిజిన్ లాంటి మాత్ర. తుమ్ములనూ దురదనూ అది బాగానే అణుస్తుంది. దిబ్బడను మాత్రం పెద్దగా తగ్గించలేదు. మత్తు విషయానికొస్తే పాతకాలపు క్లోర్‌ఫెనిరమిన్ ఎక్కువగా, సెట్రిజిన్ కొంత, ఫెక్సోఫెనాడిన్ చాలా తక్కువగా ఇస్తాయి. రాత్రి లారీ నడిపే మనిషికి ఈ తేడా చిన్నదేమీ కాదు.

మధ్యస్థంగానో తీవ్రంగానో ఉన్న అలర్జీకి, దిబ్బడకు ఎక్కువ ఫలితమిచ్చేవి ఫ్లూటికసోన్, మొమెటసోన్ వంటి స్టెరాయిడ్ స్ప్రేలు. ‘స్టెరాయిడ్’ అన్న మాట వినగానే చాలామంది వెనక్కి తగ్గుతారు. నోటితో నెలల తరబడి మింగే స్టెరాయిడ్ మాత్రల వల్ల ఎముకలు గుల్లబారడం, షుగరు పెరగడం నిజమే కాబట్టి ఆ భయాన్ని తప్పుపట్టలేం. కానీ ఈ రెండు స్ప్రేల మందులో రక్తంలోకి చేరేది రెండు శాతం లోపే. ఎదిగే పిల్లలకు దీర్ఘకాలం వాడినప్పుడు మాత్రం వైద్యులు ఎత్తును గమనిస్తూ ఉంటారు. స్ప్రే వల్ల ఉపయోగం లేదని వదిలేసేవారిలో చాలామంది రెండు మూడు రోజులే వాడి ఉంటారు, దాని పూర్తి ప్రభావం కనిపించడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. మరికొందరు తల వెనక్కి వాల్చి, గొట్టాన్ని మధ్య గోడకేసి కొడతారు. అప్పుడు మందు గొంతులోకి జారిపోతుంది, మధ్య గోడ ఒరుసుకుపోయి నెత్తురు కనిపిస్తుంది. తల కాస్త ముందుకు వంచి, కుడిచేత్తో ఎడమ రంధ్రంలోకి, ఎడమచేత్తో కుడి రంధ్రంలోకి, గొట్టం చెవి వైపు చూసేలా కొట్టుకోమని చెప్పేది అందుకే.

మన దగ్గర లీవోసెట్రిజిన్‌తో కలిపి ఒకే మాత్రగా అమ్మే మాంటెలుకాస్ట్ గురించి ఒక మాట చెప్పాలి. కొందరిలో ఇది పీడకలలు, ఆందోళన, కుంగుబాటు వంటి మానసిక మార్పులు తెస్తోందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 మార్చిలో దాని మీద అత్యంత తీవ్రమైన హెచ్చరికను పెట్టించింది. ఉబ్బసం ఉన్నవారికి దీని ఉపయోగం వేరు. కేవలం తుమ్ములకోసం అడగ్గానే షాపులో తీసుకుని నెలల తరబడి మింగే మందు మాత్రం ఇది కాదు.

పచ్చని చీమిడి చెప్పేది, చెప్పనిది

వైరస్ వల్ల వచ్చే పడిశం సాధారణంగా వారం నుంచి పది రోజుల్లో తగ్గుతుంది. ఆ రోజుల్లో సైనస్‌లు కూడా కొంత వాస్తాయి. 1994లో అమెరికాలో జలుబు చేసిన 31 మందికి సీటీ స్కాన్ తీస్తే పదిమందిలో ఎనిమిది మందికి పైగా సైనస్‌లలో మార్పులు కనిపించాయి, యాంటీబయాటిక్ లేకుండానే చాలావరకు సర్దుకున్నాయి. జలుబు సమయంలో తీసిన స్కాన్‌లో ‘సైనసైటిస్’ అని రాసి ఉన్నంత మాత్రాన భయపడనక్కర్లేదని చెప్పడానికి ఇది చాలు.

చీమిడి చిక్కబడి పచ్చగా మారితే బాక్టీరియా చేరినట్టేనన్న నమ్మకం బలంగా ఉంది. ఆ రంగు సూక్ష్మజీవులది కాదు, వాటితో పోరాడటానికి వచ్చిన మన తెల్లరక్తకణాల్లోని ఎంజైముది. మామూలు జలుబులో కూడా మూడు నాలుగు రోజులకు రంగు మారుతుంది. పెద్దవారి జలుబుల్లో నూటికి రెండో అంతకన్నా తక్కువో మాత్రమే బాక్టీరియా సైనసైటిస్‌గా మారతాయి. పది రోజులైనా ఏమాత్రం తగ్గకపోవడం, మొదటి నుంచే 39 డిగ్రీల సెల్సియస్ జ్వరం, ముఖం నొప్పి, చీము మూడు నాలుగు రోజులు వరసగా ఉండటం, తగ్గినట్టే తగ్గి ఐదారు రోజులకు మళ్లీ తిరగబెట్టడం అనే మూడింటిలో ఏదో ఒకటి ఉంటే వైద్యులు దాన్ని అనుమానిస్తారు. లక్షణాలు 12 వారాలు దాటితే దీర్ఘకాలిక సైనసైటిస్ అంటారు. అప్పుడు ఎండోస్కోపీ, సీటీ స్కాన్ నిజంగా పనికొస్తాయి.

నొసటి నొప్పి సైనస్‌దేనా?

ఈ విషయంలో జరిగినంత పొరపాటు మరెక్కడా జరగదేమో. 2004లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, తమకు సైనస్ తలనొప్పి ఉందని చెప్పుకున్న దాదాపు 3,000 మందిని పరీక్షిస్తే 88 శాతం మందిలో మైగ్రేన్, అంటే పార్శ్వనొప్పి, లక్షణాలు కనిపించాయి. మైగ్రేన్‌లో కూడా ముక్కు దిబ్బడ వేయడం, కళ్ల నుంచి నీరు కారడం ఉంటాయి, ఎందుకంటే ముఖంలో నొప్పిని మోసే నరమే ఆ స్రావాలను కూడా రెచ్చగొడుతుంది. వెలుతురు, చప్పుడు భరించలేక చీకటి గదిలో పడుకోవాలనిపించడం, వికారం, గంటల తరబడి లేదా రెండు మూడు రోజులు వేధించి తనంతట తానే పోవడం పార్శ్వనొప్పి గుర్తులు. చీమిడి, దిబ్బడ, వాసన తగ్గడం ఏవీ లేకుండా తలనొప్పి ఒక్కటే ఉంటే అది సైనసైటిస్ అయ్యే అవకాశం తక్కువ.

డ్రాప్స్ సీసా దిండు కింద చేరినప్పుడు

ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ చుక్కలు వేసుకున్న ఐదు నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది. లోపలి రక్తనాళాలను అవి బిగిస్తాయి. ఐదు నుంచి ఏడు రోజులు దాటితే నాళాలు ఆ మందు లేకపోతే మునుపటికన్నా ఎక్కువగా ఉబ్బడం మొదలుపెడతాయి. దిబ్బడ కోసం చుక్కలు, చుక్కల వల్ల దిబ్బడ. అర్ధరాత్రి చీకట్లో దిండు కింద చెయ్యి పెట్టి సీసా వెతుక్కునే స్థితికి చేరినవారికి అసలు జబ్బు ఎప్పుడో తగ్గిపోయి ఉండొచ్చు. మాన్పించడానికి వైద్యులు సాధారణంగా స్టెరాయిడ్ స్ప్రే మొదలుపెట్టి, ఒకేసారి కానీ, ముందు ఒక రంధ్రానికి, తర్వాత రెండో రంధ్రానికి కానీ చుక్కలు ఆపిస్తారు. మొదటి వారం కష్టంగా గడుస్తుంది.

మింగే జలుబు మాత్రల్లో ఉండే ఫినైలెఫ్రిన్ కథ వేరు. మాత్రగా మింగితే అది దిబ్బడను తగ్గించదని 2023 సెప్టెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ నిపుణుల సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. అదే ఏడాది డిసెంబరులో మన కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ, క్లోర్‌ఫెనిరమిన్‌తో ఫినైలెఫ్రిన్ కలిపిన మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదని సీసాల మీద రాయించమంది.

దూలం వంకర, కండ పెరగడం

ముక్కును రెండుగా విభజించే గోడను వాడుకలో దూలం అంటాం. అది గీత గీసినట్టు నిటారుగా ఉన్నవారు తక్కువ. స్కాన్‌లో వంకర కనిపించినంత మాత్రాన ఆపరేషన్ అవసరం ఉండదు, ఆ వంకర గాలిని నిజంగా అడ్డుకుంటోందా అన్నదే ప్రశ్న. ఈ ఆపరేషన్ వల్ల లాభముందా లేదా అని చాలాకాలం వాదం నడిచింది. 2019లో నెదర్లాండ్స్ పరిశోధకులు, 2023లో బ్రిటన్ పరిశోధకులు ఆపరేషన్ చేయించుకున్నవారినీ, చేయించుకోనివారినీ పోల్చి చూశారు. నిజమైన అడ్డంకి ఉన్నవారిలో ఆపరేషన్ పక్షమే మేలని రెండింటిలోనూ తేలింది. అయితే దూలం సరిచేస్తే గాలి ఆడుతుంది కానీ తుమ్ములు ఆగవు. మన ఉపాధ్యాయురాలికి స్కాన్‌లో దూలం వంకర అని వచ్చిందనుకుందాం. ఆమె ఆపరేషన్ చేయించుకున్నా మర్నాడు తెల్లవారుజామున అదే పరుపు మీద అవే తుమ్ములు వస్తాయి. ఆపరేషన్ ఫలించలేదని ఆమె అనుకుంటుంది, నిజానికి అది ఆమె జబ్బుకు చేసిన ఆపరేషనే కాదు.

‘ముక్కులో కండ’ అన్న మాటతో కూడా ఇలాంటి తికమకే ఉంది. కొందరికి ఉబ్బిన టర్బినేట్లనే కండ అంటారు. అసలైన కండలు, అంటే పాలిప్స్, ఒలిచిన ద్రాక్షపండులా పాలిపోయి, ముట్టుకున్నా నొప్పి లేకుండా రెండు పక్కలా వేలాడతాయి. వాసన పోవడం వీటి ముఖ్య లక్షణం. పోపు మాడినా తెలియడం లేదని ఇంట్లోవాళ్లు అన్నప్పుడే చాలామంది గమనిస్తారు. వీరిలో కొందరికి ఉబ్బసం కూడా ఉంటుంది, మరికొందరికి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకుంటే ఆయాసం వస్తుంది. ఎండోస్కోపుతో కండలు తీసి, సైనస్‌ల తలుపులు వెడల్పు చేసినా లోపలి పొర స్వభావం మారదు, అందుకే ఆపరేషన్ తర్వాత కూడా స్ప్రే కొనసాగించాలి. అది మానేసినవారిలో కండ మళ్లీ పెరగడం ఎక్కువ.

ఆవిరి, ఉప్పునీళ్లు

ఆవిరి పట్టడం మన ఇళ్లలో తరతరాల అలవాటు, కాసేపు హాయినిస్తుంది కూడా. కానీ 2016లో బ్రిటన్‌లో మాటిమాటికీ సైనస్ బాధ వచ్చేవారి మీద చేసిన పోలికలో ఆవిరి వల్ల చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు, ఉప్పునీటితో ముక్కు కడుక్కున్నవారికి కొంత మేలు జరిగింది. మరిగే నీళ్ల గిన్నె ఒళ్లో ఒలికి పిల్లలు కాలిన సంఘటనలు వైద్యులకు కొత్త కావు. యోగాభ్యాసకులకు జలనేతిగా తెలిసిన పద్ధతికి, సుమారు 240 మిల్లీలీటర్ల నీటిలో అర టీస్పూను ఉప్పు, చిటికెడు వంటసోడా సరిపోతాయి. ఆ నీరు కాచి చల్లార్చినదై ఉండాలన్నది మాత్రం విడవకూడని షరతు. కుళాయి నీటిలోనూ చెరువు నీటిలోనూ అరుదుగా ఉండే నెగ్లీరియా అనే అమీబా తాగితే ఏమీ చేయదు, ముక్కు ద్వారా పోతే మెదడును చేరి చాలాసార్లు ప్రాణం తీస్తుంది. కేరళలో 2024, 2025లలో వార్తల్లోకి వచ్చిన మెదడు జబ్బులకు కారణమైన అమీబాల్లో ఇదొకటి.

వేసవిలో ముక్కు నుంచి రక్తం

రెంటచింతల, రామగుండం ఎండల్లో పిల్లల ముక్కు నుంచి రక్తం కారితే ‘వేడి చేసింది’ అంటారు. ఆ మాటలో కొంత నిజముంది. పొడి గాలికి పొర ఎండి పగులుతుంది, పిల్లవాడు అక్కడే వేలు పెడతాడు, దూలం ముందుభాగంలో గుంపుగా చేరిన సన్నని నాళాల్లో ఒకటి తెగుతుంది. తల వెనక్కి వాల్చితే రక్తం గొంతులోకి పోయి వాంతి అవుతుంది తప్ప ఆగదు. ముందుకు వంగి, ముక్కు మెత్తని భాగాన్ని వేళ్లతో పది పదిహేను నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకుంటే చాలావరకు ఆగుతుంది. పెద్ద వయసులో, బీపీ ఉన్నవారిలో, రక్తం పలుచబడే మందులు వాడేవారిలో వెనుక భాగం నుంచి ధారగా వచ్చే రక్తం వేరే సంగతి, అది ఆసుపత్రిలో ఆపాల్సిందే.

ఒక్క పక్కే అయితే

అలర్జీ, జలుబు, మామూలు కండలు రెండు పక్కలనూ పట్టుకుంటాయి. ఒక్క పక్కే బాధ ఉంటే కారణం అక్కడే ఏదో ఉందని అర్థం. పైదవడ పళ్ల వేర్లు బుగ్గ సైనస్ అడుగుకు ఆనుకుని ఉంటాయి కాబట్టి పుచ్చిన దంతం నుంచి చీము పైకెక్కి, ఒక పక్క కుళ్లు వాసనతో కారవచ్చు. అప్పుడు పన్ను బాగుచేయకుండా ముక్కుకు ఎన్ని మందులు వాడినా తిరిగొస్తుంది. పెద్దవారిలో ఒకే పక్క కండ, రక్తపు చారలు, ముఖం తిమ్మిరి ఉంటే కణితి (ట్యూమర్) కాదని తేల్చుకునేదాకా వైద్యులు వదలరు.

షుగరు అదుపులో లేనివారిలో ఒక పక్క ముఖం వాచి తిమ్మిరెక్కడం, పైపళ్లు కదలడం, ముక్కులో నల్లని పెచ్చు కట్టడం మ్యూకర్‌మైకోసిస్ గుర్తులు. 2021 వేసవిలో కోవిడ్ తర్వాత ఈ బ్లాక్ ఫంగస్ రోగులతో హైదరాబాదు కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి నిండిపోయిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. అందులో రోజులు కాదు, గంటలు లెక్క.

ఇక రెండు మూడేళ్ల పిల్లవాడికి ఒకే రంధ్రం నుంచి చెడువాసనతో చీమిడి వస్తుంటే, వెతికేవారికి సాధారణంగా దొరికేది చింతపిక్కో, శనగ గింజో, పూసో, స్పాంజి ముక్కో. వీటికి ఆ పూటే కంగారు పడాల్సిన పని లేదు. అది బొమ్మలోంచి ఊడిన గుండ్రటి బ్యాటరీ అయితే మాత్రం కొద్ది గంటల్లోనే దూలాన్ని కాల్చి రంధ్రం చేస్తుంది, కనుక అర్ధరాత్రయినా తెల్లారేదాకా ఆగకుండా తీయించాల్సిందే.